జత ఉండ

నా భార్య సుబ్బులమ్మను చంపింది డోలీ మేస్త్రీ వరదయ్య. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. కత్తి వాడలేదు, కర్ర ఎత్తలేదు. రోజూ పొద్దున మిరియపు గింజంత నల్లమందు ఉండ ఆమె అరచేతిలో పడేటట్టు చేశాడు. మూడేళ్ళలో ఆమె పోయింది.

ఇప్పుడు అలిపిరి కాఫీ కొట్లలో కూర్చుని కొందరు, డోలీ జట్ల చేత నల్లమందు మాన్పించిన పుణ్యాత్ముడు వరదయ్యే అని చెప్పుకుంటున్నారు. నా చెవిన పడింది. అందుకని ఒక్కసారి రాసిపెడుతున్నాను. నాది వీధిబడి చదువు. అలంకారాలు రావు. జరిగింది జరిగినట్టు రాయగలను.

తిరుమల కొండకు మోటారు దారి పడక ముందు, నడవలేని యాత్రికులను మేం డోలీల్లో మోసేవాళ్ళం. డోలీ అంటే వెదురు బొంగులకు వేలాడే కుర్చీ. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. అలిపిరిలో ఎత్తితే గాలిగోపురం దాకా నిట్టనిలువు మెట్లు. ఆ పైన కొంత దూరం చదును. చివర మోకాళ్ళ పర్వతం. నలుగురి అడుగూ ఒకటిగా పడాలి. ఒకడి అడుగు తప్పితే కుర్చీ ఊగుతుంది, అందులో ఉన్నవాళ్ళ ప్రాణం గొంతులోకి వస్తుంది.

మా జట్లలో ఒక కట్టుబాటు ఉండేది. బొంగు ఒరుసుకోకుండా భుజం మీద వేసుకునే గుడ్డ మెత్తను మోసేవాడు తనంతట తాను కట్టుకోకూడదు. ఇంటి ఆడమనిషి కట్టాలి. పెళ్ళాం, లేకపోతే తల్లి, లేకపోతే కూతురు. ఎప్పుడో ఒకడు తానే కట్టుకుని ఎత్తి, మోకాళ్ళ పర్వతం దగ్గర జారి చచ్చాడని చెప్పేవాళ్ళు. నిజమో కాదో తెలియదు. కట్టించుకోకుండా బొంగు ముట్టినవాణ్ణి మాత్రం నేను చూడలేదు. అందుకే తెల్లవారగానే అలిపిరిలో మగవాళ్ళ పక్కన ఆడవాళ్ళూ వరసగా నిలబడేవాళ్ళు.

ప్రభుత్వం మా జిల్లాలో కల్లు, సారాయి దుకాణాలు మూయించింది. సాయంత్రం ఇంత కల్లు తాగి ఒళ్ళు నొప్పులు మరిచే జట్లకు దారి లేకపోయింది. వరదయ్య ఆర్కాటు వైపు నుంచి నల్లమందు తెచ్చాడు. మొదట మగవాళ్ళ చేతికే ఇచ్చాడు. కొందరు రెండు పూటలది ఒక పూటే మింగారు. కొందరు పక్క జట్టుకు అమ్ముకున్నారు. అప్పుడు ఆయనకు ఒక ఉపాయం తోచింది. తన భార్య పంకజాక్షి చేత ఉండలు చుట్టించి, ఆడవాళ్ళ చేతికి ఇప్పించాడు. జతలుగా. ఒకటి మొగుడికి, ఒకటి పెళ్ళానికి. ఆమె తమలపాకులో చుట్టి మొగుడి నోట్లో పెట్టాలి, తనూ ఒకటి వేసుకోవాలి, ఆ తర్వాత మెత్త కట్టాలి. దానికి జత ఉండ అని పేరు.

“ఇంట్లో ఒగరు తిని ఒగరు తినకపోతే కొట్లాట. ఇద్దురూ తింటే కాపురం చల్లంగా ఉంటాది,” అనేవాడు.

డబ్బు అడగలేదు. అదే ఆయన తెలివి. జత ఉండకు మరిగిన ఇల్లు మేస్త్రీని వదలదు, కూలి గురించి నోరెత్తదు.

నేను తినలేదు. మా నాయన జట్టు శొంఠి, బెల్లం నమిలి కొండ ఎక్కిన జట్టు. నేనూ అలాగే ఎక్కాను. సుబ్బులమ్మ తిన్నది. అటు పక్క ఆమె తింటోంది, ఇటు పక్క ఈమె తింటోంది, నువ్వేమైనా రాణివా అన్నారు. తిన్నది. నేను తినను కాబట్టి జతలో నాది మిగిలేది. అదీ తనే మింగేది. వద్దన్నాను. వినలేదు. తిండి పోయింది, నవ్వు పోయింది, చివరికి ఊపిరి తీసుకోవడం మరిచిపోయినట్టు పోయింది. ఆమెను కూడా నేను క్షమించలేదు. చచ్చిపోయినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు.

కర్మాంతరం అయిన తర్వాత నేను అలిపిరికి పోతే, వరదయ్య నా బొంగు కొసను వేరేవాడి చేతికి ఇచ్చి ఉన్నాడు.

“నీ అడుగు మా అడుగుతో కలవదు మునీ. మేం ఆగని చోట నువ్వు ఆగుతావు. జట్టు చెడిపోతాది,” అన్నాడు.

ఆ వేరేవాడు నా అక్క కొడుకు కుప్పయ్య. నా ఒక్క కూతురు నాగులమ్మ మొగుడు. మంచివాడని ఇచ్చాను. నా చోట నిలబడ్డ వారం లోపలే తినడం మొదలుపెట్టాడు. నేను వాడితో మాట మానేసి చిత్తూరు పోయి చింతపండు మండీలో కూలికి కుదిరాను.

ఏడాది గడిచింది. శ్రావణం మొదట్లో, మా ఆడి నెలలో, ఒక మధ్యాహ్నం యుద్ధం వల్ల పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సు దిగి, మసి కొట్టిన మొహంతో నాగులమ్మ మండీకి వచ్చింది.

“ఏం వచ్చినావు?” అన్నాను.

“పాత చింతపండు కావాల నాయనా. బాగా నల్లంగా అయిపోయిండేది.”

“పులుసుకు కొత్తది లేదా?”

“పులుసుకు కాదు.”

గోతం మీద కూర్చుంది. అప్పుడు చూశాను, కడుపుతో ఉంది.

“ఐదో నెల,” అన్నది. “ఇన్ని దినాలూ నా ఉండ నాలిక కింద పెట్టుకొని, నీ అల్లుడు మెట్లెక్కినాక ఊసేస్తా ఉంటిని. మొన్న కనిపెట్టేసినాడు. నువ్వు తినకపోతే నేనొక్కణ్ణే తాగుబోతు మాదిరి అగుపడతాను, జట్టులో అందరూ నీ పెండ్లాం నీకంటే పెద్ద మనిషా అని నవ్వతా ఉండారు, అంటాడు. నోరు తెరిపించి సూస్తా ఉండాడు ఇప్పుడు.”

నేను చింతపండు గింజలు కొడుతూనే ఉన్నాను.

“పంకజాక్షమ్మ ఏమనిందో తెలుసునా? బిడ్డ పుట్టినాక గోటికి రవ్వంత రాసి నాకిస్తే ఏడవదంట. నిమ్మళంగా పనికి పోవచ్చునంట.”

నా చేతిలో సుత్తి ఆగింది. పంకజాక్షి బిడ్డ ఒకటి అలా నాకి నిద్రపోయి మళ్ళీ లేవలేదు. దేవుడు తీసుకుపోయాడని చెప్పుకున్నారు. దేవుడి మీద వేయడం సులభం.

“వాణ్ణి వదిలేసి వచ్చెయ్,” అన్నాను.

“వచ్చి? నువ్వొక మూల, నేనొక మూల, ఇద్దరం మూతులు ముడుచుకొని కూసుందామా? ఆయప్ప చెడ్డోడు కాదు నాయనా. నలుగురు తింటే తింటాడు. నలుగురు మానితే మానతాడు.”

“ఆ నలుగుర్నీ ఎవరు మాన్పిస్తారు?”

“మేం. ఉండ మా చేతిలోనే ఉండాది కదా.”

“మీ అమ్మ చేతిలోనూ ఉండె. ఏం చేసింది?”

ఆమె నా మొహంలోకి చూసింది. తల్లి కళ్ళే.

“అమ్మ సుట్టూ తినేవాళ్ళే ఉండిరి. ఒక్కదాన్నే అయితే నేనూ తింటాను. అందుకే ఒక్కదాన్ని ఉండను.”

నేను లేచి లోపలికి పోయాను. ఏడాది దాటిన చింతపండు నల్లమందులాగే నల్లగా, జిగటగా ఉంటుంది. పీచు తీసి, గింజ తీసి, ఒక ముద్ద ఆమె చేతిలో పెట్టాను.

“ఇది పులుపు. అది చేదు. తెలిసిపోతాది,” అన్నాను.

“నేలవేము కాసి చిక్కగా దించి కలుపుతాను. తమలపాకు, సున్నం, వక్క. నమిలి మింగేవానికి నాలిక యాడ ఉంటాది?”

ఆ తర్వాత జరిగింది ఆమె చెప్పగా విన్నది.

జట్టులో వరదయ్య, కుప్పయ్య గాక రాజారత్నం, అతని తమ్ముడు ఉండేవాళ్ళు. రాజారత్నం భార్య తిరుమలమ్మ. తమ్ముడి భార్య ఆమె సొంత చెల్లెలే. నాగులమ్మ మొదట తిరుమలమ్మను పట్టుకుంది. తిరుమలమ్మ నోరు గలది. తనకు మొగుడి మీద ఉన్న కోపం కంటే, తెల్లారితే ఆ ఉండ కోసం తన చెయ్యే వణకడం మీద ఎక్కువ కోపం. చెల్లెలు అక్క మాట దాటదు.

ముందు ఆడవాళ్ళు మానారు. మొగుళ్ళు కొండెక్కగానే ముగ్గురూ తిరుమలమ్మ ఇంట్లో చేరేవాళ్ళు. అక్కాచెల్లెళ్ళకు కాళ్ళు పీకేవి, కడుపు జారేది, ముక్కు కారేది. ఒకతె దొర్లుతుంటే ఇంకొకతె ఒళ్ళు పట్టేది. నాగులమ్మ మజ్జిగ కలిపి తాగించేది. మొగుళ్ళ గురించి చెప్పుకోకూడని మాటలు చెప్పుకుని నవ్వేవాళ్ళట. ఆ మాటలు నా కూతురు నాకు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిది.

తాము నిలదొక్కుకున్న తర్వాత మొగుళ్ళ మీద పడ్డారు. పంకజాక్షి ఇచ్చిన ఉండను చిదిమి, రవ్వంత తీసేసి, ఆ మేరకు చింతపండు కలిపి మళ్ళీ చుట్టేవాళ్ళు. వారం వారం మందు తగ్గింది, చింతపండు పెరిగింది. మగవాళ్ళకు కడుపు చెడింది, నిద్ర చెడింది. అందరూ రేషను బియ్యం అన్నారు. ఆ నెల అలిపిరిలో రేషను బియ్యాన్ని తిట్టినంతగా జర్మనీవాణ్ణి కూడా ఎవరూ తిట్టలేదు.

ఒక రోజు పంకజాక్షి తిరుమలమ్మ చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

“చింతపండు,” అన్నది.

 వరదయ్యకు తెలిస్తే జట్టులోంచి తోసేస్తాడు, అలిపిరి అంతా చాటిస్తాడు, మొగుళ్ళు కర్రలు తీస్తారు.  పంకజాక్షి కొంగు మూల విప్పి, వరదయ్య తెచ్చిన నల్లమందు ముద్దంతా వాళ్ళ ముందు పెట్టిందట.

“ఇంక ఉండలు నేనే సుడతాను, మీ చింతపండుతోనే. ఆయనవీ, నావీ. రేపటికి కాదులే, మెల్లంగా,” అన్నదట.

అంతే.  భాద్రపదం చివర పెరటాసి నెల వచ్చేసరికి ఆ జట్టు మొత్తం, మేస్త్రీతో సహా, ఉత్త చింతపండు మీద కొండెక్కి దిగుతోంది. ఆ సంగతి నలుగురు ఆడవాళ్ళకు తెలుసు. మోసేవాళ్ళు నలుగురికీ తెలియదు.

పెరటాసి మూడో శనివారం నేను అలిపిరికి పోవలసి వచ్చింది. చిత్తూరు కోర్టులో గుమాస్తా ఒకాయన తల్లి కుముదవల్లమ్మ. భారీ మనిషి. కొండెక్కి పెరుమాళ్లను సేవించుకోవాలని మొక్కు. కొండ తెలిసినవాణ్ణని నన్ను తోడు పంపారు. నేను వేరే జట్టును చూడబోతే, ఆమె, “నీ అల్లుడి జట్టు ఉన్నదన్నారే, అదే కావాలి. తెలిసినవాడైతే కింద పడేయడు,” అన్నది.

జనం చీమల బారులాగా ఉన్నారు. పసుపు గుడ్డలు, గోవింద నామాలు. మా డోలీ దగ్గర మగవాళ్ళు వరసగా నిలబడ్డారు, ఆడవాళ్ళు తమలపాకులు విప్పారు. కుప్పయ్య నన్ను చూసి తల దించుకున్నాడు. నేను దించుకోలేదు.

పెరటాసి తొందరలో చింతపండు ఎవరు బాగుచేశారో, ఆ పూట ఉండలకు పీచు సరిగ్గా తీయలేదు. మా మండీలో అది పెద్ద తప్పు. వరదయ్య నమిలాడు. ఆగాడు. నోట్లో వేలు పెట్టి ఒక పీచు బయటికి లాగాడు. ఎండలోకి ఎత్తి చూశాడు.

“ఇదేంది?” అన్నాడు.

 ఆయన కుప్పయ్య నోటి ముందున్న ఆకు లాక్కుని, ఉండ చిదిమి, నాలిక మీద వేసుకుని ఊసేశాడు.

“చింతపండు. నా జట్టుకు చింతపండు పెడతా ఉండారు.” ఆయన జట్టు వైపు తిరిగాడు. “రేయ్, మీ పెండ్లాలు మిమ్మల్ని మోసం చేసినారు రా. మీ ఒంట్లో ఈపొద్దు మందు లేదు.”

అప్పుడు జరిగింది నేను నా కళ్ళతో చూశాను. అప్పటిదాకా గుండులాగా నిలబడి ఉన్న రాజారత్నం మెట్టు మీద కూలబడ్డాడు.

“నా కాళ్ళు వణుకుతా ఉండాయి,” అన్నాడు.

తమ్ముడు అన్నను చూసి తనూ కూర్చున్నాడు.

“నిన్న ఆ లావు సెట్టిని మోసినప్పుడు వణకలేదే?” అన్నది తిరుమలమ్మ. “నిన్నటిదీ చింతపండే. మొన్నటిదీ చింతపండే. ఈ నెలంతా మీరు తినింది చింతపండే.”

“మరి నాకు మత్తుగా ఉండెనే మే.”

“అది నీకు పుట్టుకతో ఉండాది.”

పక్క జట్లవాళ్ళు పక్కున నవ్వారు. వరదయ్య మొహం నల్లబడింది. ఆయన నవ్వుకు భయపడేవాడు. నవ్వుతోనే ఇంతమందిని తన దారికి తెచ్చుకున్నవాడు.

“నవ్వండి. వీళ్ళు మెట్ల మొదట్లో ఉండే తలయేరుగుండు దాటితే నేను మీసం తీసేస్తాను. రేయ్ కుప్పా, నా దగ్గర ఇంకా సరుకు ఉండాది. ఇంటికాడ పెట్టెలో. పోయి తెస్తాను. అందరం మామూలుగా తిందాం, ఎత్తుదాం. ఈ ఆడోళ్ళను సాయంత్రం సూసుకుందాం.”

“పెట్టెలో ఉండేదీ చింతపండే,” అన్నది పంకజాక్షి.

ఆయన ఆమెను చూశాడు. అందరూ ఆమెనే చూశారు. ఆమె చేతిలో వరదయ్య భుజం మెత్త ఉంది.

నా కూతురు ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో మెత్త పట్టుకుని కుప్పయ్య ముందు నిలబడింది.  ఏడవలేదు, బతిమాలలేదు. ఆ ఒక్క క్షణంలో వాడు వరదయ్య వెంట పోతే, ఆమె రెండు నెలల పని మట్టిలో కలుస్తుంది. నల్లమందు ఆర్కాటు నుంచి మళ్ళీ వస్తుంది. పుట్టబోయేదాని నాలిక దాకా వస్తుంది. నాకు తెలుసు. వాడికీ తెలుసు.

కుప్పయ్య కూర్చున్న ఇద్దరినీ చూశాడు. నవ్వుతున్న జట్లను చూశాడు. వరదయ్యను చూశాడు.

“నెలగా లేదంట కదా మేస్త్రీ,” అన్నాడు మెల్లగా. “నెలగా ఎత్తింది ఎవరు మరి?”

“ఏందిరా?”

“నేనే కదా ఎత్తింది.” భార్య వైపు భుజం వంచాడు. “కట్టు.”

ఆమె కట్టింది. ముడి గట్టిగా బిగించింది. వాడు బొంగు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

రాజారత్నం లేవకపోతే, తిరుమలమ్మ మెత్త తీసుకుని అతని తల మీద ఒకటి వేసింది. “లెయ్. లేకపోతే నేను ఎత్తుతాను, నువ్వు నాకు కట్టు,” అన్నది. అతను లేచాడు. అన్న లేస్తే తమ్ముడు లేవకుండా ఉంటాడా. ముగ్గురయ్యారు.

“ముగ్గురు డోలీ ఎత్తరు,” అన్నాడు వరదయ్య. “నాలుగో కొస నాది. నేను ముట్టను.”

“నువ్వు ముడతానన్నా నేను కట్టను,” అన్నది పంకజాక్షి. గొంతు పెంచలేదు. “నువ్వు సుట్టమంటే సుట్టినాను. బిడ్డకు నాకించమంటే ఈ చేత్తోనే నాకించినాను. ఇంక ఈ చెయ్యి నీకు కట్టదు.”

  జట్ల కట్టుబాటే ఆయన్ను కట్టేసింది. ఉండను మగవాళ్ళ చేతినుంచి తీసి ఆడవాళ్ళ చేతిలో పెట్టింది ఆయనే.

పంకజాక్షి ఆ మెత్తను నాగులమ్మకు ఇచ్చింది. నాగులమ్మ నా దగ్గరికి వచ్చింది.

“నాయనా, భుజం ఇట్లా తే.”

“వరదయ్య మెత్తనా?”

“నీ చోటు వాడు లాక్కోలేదా? మెత్త నువ్వు తీసుకో.”

నేను భుజం ఇచ్చాను.

కుముదవల్లమ్మ ఇంతసేపూ కుర్చీలో కూర్చుని అన్నీ వింటోంది. “ఏమోయ్, మీ పంచాయతీ అయిందా? ఇంతకూ నన్ను మోసేది మీరా, మీ మందా?” అన్నది.

“మేమే అమ్మా,” అన్నాడు కుప్పయ్య.

“అయితే ఎత్తండి. ఎండెక్కుతోంది.”

ఎత్తాం.

బొంగు భుజం మీద పడగానే నా వయసు నాకు గుర్తుకొచ్చింది. ఏడాదిగా సుత్తి తప్ప ఏమీ ఎత్తలేదు. తలయేరుగుండు దగ్గరికి పోయేసరికి కళ్ళు మసకబారాయి. కింద ఎవరో, “ముసిలోడు పడిపోతాడు,” అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. పడలేదు. దాటాం. వెనక నుంచి తిరుమలమ్మ, “మంగలి యాడ ఉండాడప్పా, మేస్త్రీకి పనుండాది,” అని కేక వేసింది. మెట్ల వెంట జనం నవ్వు పైకి పాకింది.

ఆ రోజు ఆడవాళ్ళు అలిపిరిలో ఆగిపోలేదు. నలుగురూ మాతో పాటు మెట్లెక్కారు, డోలీకి రెండు పక్కలా. పంకజాక్షి కూడా. అంతకు ముందు అలా ఎవరూ చూడలేదు. దిగి వచ్చే జట్లు బొంగులు పక్కకు జరిపి మాకు దారి ఇచ్చాయి.

మందు తిన్నవాడు ఆగడు. నొప్పి తెలియక పరుగెత్తి, పైకి పోయాక కూలిపోతాడు. మేం ఆగాం. కుర్చీ దించి, నీళ్ళు తాగి, నా రొంటినున్న శొంఠి, బెల్లం నమిలి మళ్ళీ ఎత్తాం. మొదట్లో వాళ్ళ ముగ్గురి అడుగు తడబడింది. నేను మా నాయన చెప్పినట్టు పదం అందుకున్నాను: “ఎత్తు... పెట్టు... ఎత్తు... పెట్టు.” గాలిగోపురం దాటేసరికి నలుగురి అడుగూ ఒకటైంది. నా అడుగు కలవదన్నవాడు వెనక ఎక్కడో ఒట్టి చేతులతో ఎక్కుతున్నాడు.

మోకాళ్ళ పర్వతం దగ్గర నా పక్కనున్న కుప్పయ్య రొప్పుతూ, “మామా,” అన్నాడు. ఏడాది తర్వాత వాడు నన్ను పిలిచిన మొదటి పిలుపు.

“ఏం?”

“భుజం నొప్పి తెలస్తా ఉండాది.”

“తెలియాల.”

“ఎన్ని దినాలైందో తెలిసి.” వాడు నవ్వాడు. చెమటో, ఇంకేమో, మొహమంతా తడి. “బాగుండాది మామా.”

నేను బొంగు సర్దుకున్నాను. ఊపిరి దాచుకోవాలి.

పైకి చేరాం. కుర్చీ దించాం. కుముదవల్లమ్మ దిగి, నడుము పట్టుకుని నిలబడి మమ్మల్ని నలుగురినీ చూసింది.

“నడుం విరిగింది. కానీ ఊగలేదు,” అన్నది. “పోయినసారీ ఇదే జట్టని ఇప్పుడు గుర్తుపట్టాను. ఊగి ఊగి దారంతా వాంతులు. ఈసారి కునుకు పట్టింది.”

రాజారత్నం తమ్ముడు అది విని మెట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చాడు.  అతని భార్య కొంగుతో మొహం తుడిచింది. తిరుమలమ్మ గోవిందా అని కేక వేస్తే, అక్కడున్న జనమంతా, ఎందుకో తెలియకుండానే, గోవిందా అన్నారు. నేనూ అన్నాను. సుబ్బులమ్మ పోయిన తర్వాత ఆ పేరు పలకడం అదే మొదలు.

మరుసటి వారం పక్క జట్ల ఆడవాళ్ళు నాగులమ్మ ఇంటి ముందు నిలబడ్డారు. వాళ్ళలో ఒకరు మానితే ఇంకొకరికి పట్టుదల. తినేటప్పుడు పక్కవాళ్ళను చూసి తిన్నారు. మానేటప్పుడూ పక్కవాళ్ళను చూసే మానారు. మా మండీలో పాత చింతపండుకు ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. యజమానికి కారణం అంతుపట్టలేదు. నేను చెప్పలేదు.

సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో నాగులమ్మకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. దాని నాలికకు ఎవరూ ఏమీ రాయలేదు. పొద్దంతా ఏడ్చింది, వీధి వీధంతా వినేటట్టు ఏడ్చింది. పంకజాక్షి ఎత్తుకుని వాకిట్లో తిప్పుతూ, “ఏడువమ్మా, బాగా ఏడువు,” అంటూ ఉండేది. అంత మంచి ఏడుపు నేను వినలేదు.

ఇక వరదయ్య. ఆ శనివారం ఆయన మా వెనక చాలాసేపటికి పైకి వచ్చాడు. నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

“మునీ,” అన్నాడు. “సుబ్బులమ్మ విషయంలో... నేను అట్లా అవుతాదని అనుకోలేదప్పా.”

నేను మెత్త ముడి విప్పుకుని, ఆయన ఒళ్ళో పడేసి, లేచి పోయాను. ఆ తర్వాత ఆయన కూడా మానాడన్న మాట నిజమే. మానకేం చేస్తాడు, ఇచ్చే చెయ్యి లేదు. మరుసటి సంవత్సరం మోటారు దారి తెరిచారు, జట్లు చెదిరిపోయాయి, కాఫీ కొట్లో కూర్చుని చెప్పుకునేవాడికి అడ్డు లేకుండా పోయింది. మాన్పించింది తానేనని ఆయన చెప్పాడు. వినేవాళ్ళు నమ్మారు.

నమ్మవద్దు. మాన్పించింది నాగులమ్మ, తిరుమలమ్మ, ఆమె చెల్లెలు, పంకజాక్షి.

పోయిన నెల ఆయన మనిషిని పంపాడు. జబ్బుగా ఉన్నాడట, ఒకసారి వచ్చి మనసులో ఏమీ లేదని చెప్పి పొమ్మని. మనసులో ఉంది. పోలేదు. పోను. రాయవలసింది రాశాను. కూతురు అడిగినా, అల్లుడు అడిగినా, ఆ ఏడ్చిన పిల్ల పెద్దదై వచ్చి అడిగినా, ఇక ఈ సంగతి నా నోట రాదు.